తల్లి ఉన్న అనాథలు



క్రిందటి చలికాలంలో విదేశాల నుండి ఒక బృందం వచ్చింది. విధవరాండ్రకు చీరలు, దిక్కులేని పిల్లలకు దుప్పట్లు పంచుతారు, తర్జుమా చేయడానికి రండి అని కబురు వస్తే మేము వెళ్లాము. బస్సు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దింపింది. అక్కడి నుండి ఆటోలో నాచారం. కార్ఖానాల వెనుక ఒక సందులో పిల్లల వసతి గృహం ఉంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. పిల్లలు వరుసగా నిలబడి పాట పాడారు. వీరందరూ అనాథలని అక్కడి వారు చెప్పిన మాటను మేమే ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాము.

మధ్యాహ్నం చీరలు తీసుకునే వరుసలో ఒక సహోదరి మెల్లగా మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, రెండో వరుసల ఎర్రంగి పిలగాడు మావోడే. ఆయన పోయినంక కిరాయి కట్టలేక ఈడ ఏసిన. ఫొటోలు దిగేటప్పుడు నా దగ్గరికి రావద్దన్నరు" అన్నది. ఒకే ఇంటివారు. తల్లి విధవరాండ్ర వరుసలో, కొడుకు అనాథల వరుసలో నిలబడ్డారు. ఆ రెండు వరుసలకూ మధ్య మైకు పట్టుకొని నిలబడినది మేము.

తిరిగి వచ్చాక మేము సెమినరీ నాటి నోటు పుస్తకాలు తీశాము. పాత నిబంధనలో దిక్కులేని బిడ్డకు వాడిన హెబ్రీ మాట 'యాతోమ్'. చాలా చోట్ల దాని అర్థం తండ్రి లేని బిడ్డ అనే. నిర్గమకాండము 22:24 చూడండి. పురుషుడు చనిపోతే భార్య విధవరాలవుతుంది, పిల్లలు దిక్కులేనివారవుతారు అని ఒకే ఇంటి గురించి చెప్పబడింది. ధర్మశాస్త్రంలోనైనా, ప్రవక్తలలోనైనా, యాకోబు పత్రికలోనైనా ఈ ఇద్దరి పేర్లు పక్కపక్కన రావడానికి కారణం వారు ఒకే కప్పు క్రింద ఉన్నవారు కావడమే. మనమేమో ఒకరికి చీరల పంపిణీ, మరొకరికి హాస్టలు ఏర్పాటు చేశాము.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో అప్పులవాడు ఒక విధవరాలి ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆ పిల్లలను ప్రవక్తల శిష్యుల దగ్గర పెట్టుకుంటానని అనలేదు. ఇంట్లో ఏమున్నదని అడిగాడు. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలతో కలిసి బ్రతకమన్నాడు. నాయీనులో ప్రభువు కూడా బ్రతికించిన చిన్నవానిని తన వెంట తీసుకువెళ్లలేదు, తల్లికి అప్పగించాడు.

సంఘ చరిత్రలో జార్జి ముల్లర్‌ను ఎరుగనివారు మనలో లేరు. ఆయన ప్రార్థన సాక్ష్యాలు ఎన్నోసార్లు విన్నాము. బ్రిస్టల్ పట్టణంలో 1849 నుండి 1870 వరకు 5 పెద్ద గృహాలు కట్టించి, 2,050 మంది పిల్లలకు చోటు చేసినవాడు ఆయన. మన తెలుగు నేలతో ఆయనకు బంధుత్వమే ఉంది. ఆయన భార్య మేరీకి అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. 1836లో బౌడెన్, బీర్ దంపతులను వెంటబెట్టుకొని వచ్చినవాడు ఈ గ్రోవ్స్. వారి ద్వారానే నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. అయితే ముల్లర్ గృహాల నియమం ఒకటి మన ప్రసంగాలలో వినబడదు. తల్లి తండ్రి ఇద్దరూ చనిపోయిన పిల్లలనే ఆయన చేర్చుకొనేవాడు. ఆ నియమంలో కఠినత్వం కూడా ఉంది. వివాహబంధంలో పుట్టిన పిల్లలకే అక్కడ చోటు. బిడ్డను చేర్చుకోమని ఏడ్చిన విధవరాలికి ఆ తలుపు తెరవబడేది కాదు. అయినా అనాథ అనే మాటను ఆయన తూచి వాడాడు. మేము నాచారంలో తూచలేదు.

మన దగ్గర 1876-78 నాటి గొప్ప కరువు సంగతి కూడా తలచుకోవాలి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరకు సర్వే పని తెలుసు. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నాడు. మగవారు తవ్వారు, ఆడవారు తట్టలతో మట్టి మోశారు, కూలి డబ్బు చేతికి వచ్చింది. అన్నం పెట్టే ఆ రోజులలో ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. గింజల కోసం వచ్చారనే నింద రాకూడదని ఆయన భయం. సహాయపు పనులు ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాము. దానికి ముందు నెలల తరబడి ఆపి ఉంచిన ఓర్పు మాత్రం జ్ఞాపకం చేసుకోము.

బోర్డింగులన్నీ తప్పు అని మేము అనడం లేదు. మన పెద్దలలో ఎంతోమందికి మిషన్ బోర్డింగే అక్షరాలు నేర్పింది. కానీ వారు సెలవులకు ఇంటికి వచ్చేవారు, అమ్మను అమ్మా అని పిలిచేవారు. ఈ రోజు దేశ చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను గృహంలో ఉంచడం చిట్టచివరి మార్గం, గృహానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

దూరదేశం నుండి సొంత ఖర్చుతో వచ్చిన ఆ సహోదరుల ప్రేమను మేము తక్కువ చేయడం లేదు. వారు అడిగింది మేము తర్జుమా చేశాము గాని, వారికి తెలియవలసినది చెప్పలేదు. బృంద నాయకునికి తరువాత ఉత్తరం వ్రాశాము. మరోసారి వస్తే ఆ దుప్పట్ల ఖర్చుతో ఎన్ని గదుల కిరాయి కట్టవచ్చో లెక్క వేసి పంపాము. జవాబు మర్యాదగా వచ్చింది, నిర్ణయం ఇంకా రాలేదు.

ఆ సహోదరికి మన సంఘపు కానుకలోనుండి మూడు నెలల కిరాయి పంపాము. పిల్లవాడు వేసవి సెలవులకు తల్లి దగ్గరకు వచ్చి అక్కడే ఉండిపోయాడు. నాచారంలోనే సర్కారు బడికి వెళుతున్నాడు. విధవరాండ్ర పింఛను వస్తే కిరాయిలో కొంత భాగం తీరుతుంది. దరఖాస్తు నింపాము గాని ఆమె భర్త మరణ ధృవీకరణ పత్రం ఇంకా చేతికి రాలేదు. ఈ వారం ఉప్పల్ వైపు పని మీద వెళ్లేవారు ఎవరైనా ఉంటే ఆదివారం ఆరాధన తరువాత మమ్మల్ని కలవండి, కాగితాలు ఇస్తాము.