కళాశాలలలో వృత్తి మార్గదర్శనం: దారి చూపే సిబ్బందికి శిక్షణ ఎక్కడ?

(నేపథ్య వ్యాసం: పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం)

‘కెరీర్ గైడెన్స్ సెల్’ అన్న ఫలకం లేని డిగ్రీ కళాశాల తెలుగు రాష్ట్రాలలో నేడు అరుదు. ఆ ఫలకం కింద కూర్చుని విద్యార్థులకు సలహా చెప్పేవారు ఎవరు, ఆ పనికి వారు ఎక్కడ శిక్షణ పొందారు అన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఉద్యోగ మేళాల గురించి, ఎంపికైన అభ్యర్థుల సంఖ్య గురించి పత్రికలలో తరచుగా వార్తలు వెలువడుతున్నాయి. ఆ అభ్యర్థిని ఆ మేళా వరకు నడిపించిన అధ్యాపకుని గురించిన సమాచారం స్వల్పం. ఆ లోటును కొంతవరకు పూరించుటకు ఈ వ్యాసం ఉద్దేశించబడినది.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృత్తి మార్గదర్శనం సాధారణంగా ఒక అధ్యాపకుని అదనపు బాధ్యత. వాణిజ్యశాస్త్రమో, వృక్షశాస్త్రమో, తెలుగో బోధించే అధ్యాపకునికి విద్యా సంవత్సరారంభంలో ప్రిన్సిపాల్ ఈ బాధ్యతను అప్పగిస్తారు. పరీక్షల విభాగం, ఎన్.ఎస్.ఎస్., నాక్ పత్రాల తయారీ వంటి పనులు కూడా తరచు ఆయన చేతిలోనే ఉంటాయి. ఆయన బదిలీ అయితే మరొకరు వస్తారు. సంస్థల ప్రతినిధులతో ఏర్పడిన పరిచయాలు, పూర్వ విద్యార్థుల వివరాలు చాలా సందర్భాలలో ఆయనతోనే వెళ్లిపోతాయి.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో జారీ చేసిన నిబంధనలు పదోన్నతి కొరకు అధ్యాపకుల పనిని మదింపు చేసే పట్టికలో కెరీర్ కౌన్సెలింగ్‌ను పేర్కొన్నాయి. అయితే విద్యార్థి సంఘాలు, విజ్ఞాన యాత్రలు, సాంస్కృతిక కార్యక్రమాలు, క్రీడలు, ఎన్.సి.సి.లతో కలిపి ఒకే వరుసలో పేర్కొన్నాయి. ఆ పని చేయుటకు ముందు ఏదైనా శిక్షణ పొంది ఉండాలన్న షరతు అందులో లేదు.

ప్రభుత్వ కళాశాలలకు వచ్చేవారిలో అనేకులు తమ కుటుంబంలో డిగ్రీ చదువుతున్న మొదటి తరం. ఇంట్లో అడిగి తెలుసుకొనే అవకాశం వారికి లేదు. కళాశాలలో అధ్యాపకుడు చెప్పిన మాటే వారికి చివరి మాట అవుతుంది. కనుక ఆ మాట సరియైనది కాకపోతే కలిగే నష్టం చిన్నది కాదు.

ఒక పేరు, మూడు పనులు

తెలుగు విద్యార్థికి ‘కౌన్సెలింగ్’ అనగానే స్ఫురించేది ఈఏపీసెట్ సీట్ల కేటాయింపు: ర్యాంకు కార్డు, ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు. విద్యార్థితో కూర్చుని మాట్లాడి, అతని అభిరుచిని, పరిస్థితిని తెలుసుకొని, నిర్ణయానికి తోడ్పడటం అన్న అర్థం ఆ పదానికి మన కళాశాలలలో ఇంకా పూర్తిగా రాలేదు. ఈ కారణంగానే సమాచారం అందించడం, సంప్రదింపు జరపడం, ఉద్యోగం చూపించడం అన్న మూడు వేర్వేరు పనులు ఒకే పేరుతో సాగుతున్నాయి.

ఉదాహరణకు బి.కామ్. చివరి సంవత్సరం విద్యార్థిని బ్యాంకు పరీక్షకు సిద్ధం కావాలా, ఎం.కామ్.లో చేరాలా అని అడిగినదనుకుందాం. ఐ.బి.పి.ఎస్. నిర్వహించే ప్రొబేషనరీ అధికారి పరీక్షకు సాధారణ అభ్యర్థులకు వయోపరిమితి 20 నుండి 30 ఏళ్లు, క్లర్కు స్థాయి పరీక్షకు 20 నుండి 28 ఏళ్లు, పి.జి. పూర్తి చేసిన తరువాత కూడా ఆమెకు అవకాశం ఉంటుందని చెప్పడం సమాచారం. ఇంట్లో పెళ్లి ప్రస్తావన వస్తున్నదా, జిల్లా దాటి వెళ్లుటకు తండ్రి అంగీకరిస్తారా, ఏడాదిపాటు సంపాదన లేకుండా చదువుకొనే వీలున్నదా అని ఓపికగా విని, ఆమె తానే నిర్ణయించుకొనేలా చేయడం సంప్రదింపు. వచ్చే వారం ఒక సంస్థ ప్రాంగణ నియామకాలకు వస్తున్నదని చెప్పి పేరు నమోదు చేయించడం మూడవ పని. ఇవి మూడూ అవసరమే. కానీ మొదటిదానికి నిబంధనల పరిజ్ఞానం, రెండవదానికి వినే నేర్పు, మూడవదానికి పరిశ్రమలతో పరిచయం కావాలి. శిక్షణ లేకుండా ఈ మూడూ ఒకే వ్యక్తిలో ఉండాలని ఆశించడం న్యాయం కాదు.

సమాచారం విషయంలో మరొక చిక్కు ఉన్నది. అధ్యాపకుడు తాను చదువుకొన్న నాటి నిబంధనలను గుర్తుంచుకొని సలహా చెప్పడం సహజం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మూడు సబ్జెక్టుల డిగ్రీ స్థానే ఒక మేజర్, ఒక మైనర్ విధానాన్ని ప్రవేశపెట్టారు. డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టే బి.ఇడి.లో మెథడాలజీ, పి.జి. ప్రవేశానికి అర్హత నిర్ణయమవుతాయి. పాత విధానంలో చదివిన అధ్యాపకుడు పాత లెక్క ప్రకారమే సలహా ఇస్తే విద్యార్థికి ఆ సంగతి తెలిసేది మూడేళ్ల తరువాతనే.

పూర్వరంగం

వృత్తి మార్గదర్శనం కొత్త విషయం కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో ప్రారంభించిన వృత్తి సలహా కేంద్రాన్ని దీనికి ఆద్యంగా పరిగణిస్తారు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగం 1938లోనే ఈ కృషిని చేపట్టినది.

ప్రభుత్వ వ్యవస్థకు పునాది ఉపాధి కల్పనా కార్యాలయాలు. శివరావు కమిటీ సిఫారసుల మేరకు వీటి నిర్వహణ 1956 నవంబరు 1న రాష్ట్ర ప్రభుత్వాలకు బదిలీ అయినది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది కూడా ఆ రోజుననే. తదుపరి కాలంలో విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలు ఏర్పడినవి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో ఇవి ఉన్నవి. ఉపాధి అధికారులకు శిక్షణ ఇచ్చుటకు, వృత్తుల గురించిన సాహిత్యాన్ని రూపొందించుటకు 1964లో కేంద్ర ఉపాధి సేవా పరిశోధన, శిక్షణ సంస్థ నెలకొల్పబడినది. నేడు జాతీయ కెరీర్ సర్వీస్ సంస్థగా వ్యవహరించబడుతున్న ఇది నోయిడాలో ఉన్నది.

2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ కేంద్రాలు వచ్చినవి. ఇంగ్లీషు సంభాషణ, కంప్యూటరు పరిజ్ఞానం, ఇంటర్వ్యూకు సన్నద్ధత వీటి ప్రధాన అంశాలు. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ ప్రభుత్వ కళాశాలలలో ఇవి తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ కేంద్రాలుగా కొనసాగినవి. గ్రామీణ విద్యార్థికి ఇంటర్వ్యూ భయాన్ని పోగొట్టడంలో వీటి పాత్రను తక్కువ చేయరాదు. అయితే ఈ కేంద్రాలలో శిక్షణ ప్రధానంగా విద్యార్థికి. ఏ ఉద్యోగం ఎవరికి తగునన్న ప్రశ్నకు సమాధానం వెదికే పద్ధతిలో అధ్యాపకునికి శిక్షణ ఇవ్వడం వేరు.

శిక్షణ లభించే చోట్లు

ఉన్న సంస్థలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మార్గదర్శనంలో శిక్షణ పొందినవారు ఒకచోట, విద్యార్థులు మరొకచోట ఉన్నారు. నోయిడా సంస్థ శిక్షణ ప్రధానంగా రాష్ట్రాల ఉపాధి అధికారులకు ఉద్దేశించినది. ఆ అధికారి జిల్లా కేంద్రంలో ఉంటారు. మండల కేంద్రంలోని డిగ్రీ విద్యార్థికి ఆయన ఎదురయ్యేది ఉద్యోగ మేళాలోనే. ప్రతిరోజూ ఎదురుపడే అధ్యాపకునికి ఆ శిక్షణ అందలేదు. కళాశాల విద్య ఒక శాఖ, ఉపాధి మరొక శాఖ పరిధిలో ఉండడం దీనికి ముఖ్య కారణం.

ఎన్.సి.ఇ.ఆర్.టి. నిర్వహించే మార్గదర్శనం, కౌన్సెలింగ్ డిప్లొమా ఈ రంగంలో పటిష్ఠమైన కోర్సు. వ్యవధి ఒక సంవత్సరం: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి బోధన, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. దక్షిణాది రాష్ట్రాలకు మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ కేంద్రం. దృష్టి ప్రధానంగా పాఠశాల విద్యపై ఉండటం, మూడు నెలలు తరగతులు విడిచి వెళ్లవలసి రావడం కళాశాల అధ్యాపకులకు అవరోధాలు.

విశ్వవిద్యాలయ, కళాశాల అధ్యాపకుల శిక్షణకు 1987 నుండి అకడమిక్ స్టాఫ్ కళాశాలలు పనిచేస్తున్నవి. 2015లో ఇవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా పేరు మార్చుకొన్నవి. ఉస్మానియా, హైదరాబాదు, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో ఇవి ఉన్నవి. మాలవీయ మిషన్ ఎనిమిది ఇతివృత్తాలలో నైపుణ్యాభివృద్ధి ఒకటి, విద్యార్థుల వైవిధ్యం మరొకటి. వృత్తి మార్గదర్శనం విడిగా లేదు. విద్యార్థులందరికీ నిపుణుల ద్వారా విద్యా, వృత్తి సలహా అందుబాటులో ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొన్నందున ఈ ఖాళీ మరింత గమనార్హం.

ఈ మధ్యకాలంలో అవసరం పెరిగినదే గాని తగ్గలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరినవారితో మొదలుపెట్టి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యప్రణాళికలో చేర్చారు. మొదటి ఏడాది తరువాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండవ ఏడాది తరువాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు పూర్తి ఇంటర్న్‌షిప్. ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుడు మెంటర్. అనగా ఒక సమన్వయకర్తకు పరిమితమైన పని దాదాపు బోధనా సిబ్బంది అందరిపైకీ వచ్చినది. పరిశ్రమలు లేని పట్టణంలో చరిత్ర విద్యార్థికి ఇంటర్న్‌షిప్ ఎక్కడ చూపాలన్నది ఆ మెంటర్లకు నేటికీ కష్టమైన ప్రశ్న.

శిక్షణలో ఉండవలసినవి

వారం రోజుల శిక్షణ అయినా కొన్ని విషయాలు తప్పనిసరి. 2015 జాతీయ వృత్తుల వర్గీకరణను ఉపయోగించడం అందులో మొదటిది. సుమారు 3,600 వృత్తులకు అందులో వివరణ ఉన్నది. కళాశాలలో వినిపించే వృత్తుల పేర్లు ఇరవైకి మించవు. 2015 జూలై 20న ప్రారంభమైన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌ను విద్యార్థి పక్కన కూర్చుని చూపగలగాలి.

అప్రెంటిస్‌షిప్ గురించి అవగాహన మరింత అవసరం. ఇది ఇంజినీర్లకు, ఐ.టి.ఐ. వారికి మాత్రమేనన్న అభిప్రాయం బలంగా ఉన్నది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించి ఇంజినీరింగేతర పట్టభద్రులకు కూడా వర్తింపజేశారు. 2019 నిబంధనలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టయిపెండును నిర్దేశించినవి. దక్షిణాదిలో ఈ పథకాన్ని పర్యవేక్షించే బోర్డు చెన్నైలో ఉన్నది.

అభిరుచి, సామర్థ్య పరీక్షలను జాగ్రత్తగా వాడటం నేర్పాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే ప్రశ్నావళిని నింపించి, వచ్చిన ఫలితాన్ని జాతకంవలె చదివి వినిపించడం హానికరం. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇంగ్లీషు ప్రశ్నావళి ఇస్తే కొలిచేది అభిరుచిని కాదు, భాషను.

యాజమాన్యాన్ని నిర్ధారించుకోవడం అన్నింటికంటె ముఖ్యం. డిపాజిట్ అడిగే సంస్థ, ఒరిజినల్ ధ్రువపత్రాలను తన వద్ద ఉంచుకొనే సంస్థ, నియామక పత్రం ఇవ్వకుండా శిక్షణ రుసుము వసూలు చేసే సంస్థ కళాశాల గుమ్మం దాటకుండా చూడటం సమన్వయకర్త బాధ్యత. డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరిట కంబోడియాకు పంపి, యువకులచే బలవంతంగా సైబర్ నేరాలు చేయించిన ఉదంతాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు వెలుగులోకి తెచ్చారు. ఇక్కడ ఒక సాంకేతికాంశం అధ్యాపకులు తెలుసుకోదగినది. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరం లేదు. చదువు తక్కువైన శ్రామికుని విషయంలో గల్ఫ్ వంటి నిర్దేశిత దేశాలకు జరిగే ప్రభుత్వ తనిఖీ పట్టభద్రునికి జరగదు. 1983 వలసల చట్టం కింద నమోదైన ఏజెంటా కాదా అన్నది తానే చూసుకోవాలి, లేదా ఆ సంగతి చెప్పేవారు కళాశాలలో ఉండాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఇందుకొరకు ఏర్పడిన ప్రభుత్వ సంస్థలు.

పాత్రికేయులు పరిశీలించదగినవి

ఉద్యోగ మేళాల పత్రికా ప్రకటనలలో ఎంపికైనవారి సంఖ్య ఉంటుంది. ఎందరు చేరారు, ఆరు నెలల తరువాత ఎందరు కొనసాగుతున్నారు అన్న వివరం సాధారణంగా ఉండదు. ఈ లోపంలో ప్రకటనలు రూపొందించే మా బోటి వారికీ భాగం ఉన్నది. అంకె సాయంత్రానికి కావాలి. ఆరు నెలల వివరం అడిగే నాటికి అది వార్త కాదు.

వివరాలు తెలుసుకొను మార్గం లేకపోలేదు. నాక్ గుర్తింపు పొందిన కళాశాలలు తమ స్వీయ అధ్యయన నివేదికను వెబ్‌సైటులో ఉంచవలసి ఉన్నది. 2017లో సవరించిన విధానం ప్రకారం రూపొందిన నివేదికలలో ఐదవ ప్రమాణం కింద ఉద్యోగం పొందిన విద్యార్థులు, చేరిన సంస్థ, వేతనం వివరాలు ఉంటాయి. ఆరవ ప్రమాణం కింద అధ్యాపకులు హాజరైన శిక్షణా కార్యక్రమాల జాబితా ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చును. కెరీర్ గైడెన్స్ సమన్వయకర్త పేరు ఆ రెండవ జాబితాలో ఉన్నదా, ఉంటే ఆయన హాజరైనది తన సబ్జెక్టు పునశ్చరణ తరగతులకా, మార్గదర్శన శిక్షణకా అన్నది కళాశాల ప్రిన్సిపాల్‌ను, జిల్లా ఉపాధి అధికారిని అడిగి నిర్ధారించుకొనవచ్చును.