గోల్ఫ్ బంతికి సొట్టలు పెట్టింది ఎవరు?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. నున్నటి బంతి ఎక్కువ దూరం పోతుందా, ఒళ్లంతా సొట్టలున్న బంతి పోతుందా? మనలో చాలామంది నున్నటిదే అంటాం. కారు, విమానం, బుల్లెట్ అన్నీ నున్నగానే ఉంటాయి కదా! కానీ గోల్ఫ్ బంతిని దగ్గరగా చూడండి. సాధారణంగా 300 నుంచి 500 దాకా సొట్టలుంటాయి. ఒక్కోదాని లోతు పావు మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. అవి లేని నున్నటి బంతిని అంతే గట్టిగా కొడితే, దాదాపు సగం దూరంలోనే పడిపోతుంది.

దీన్ని ముందు పట్టుకున్నది సైంటిస్టులు కాదు, ఆడేవాళ్లు. అదీ ఈ రోజు కథ.

స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అని సముద్రం ఒడ్డున ఒక ఊరు. 1840ల దాకా అక్కడ వాడిన బంతిని ఫెదరీ అనేవాళ్లు. తోలుతో చిన్న తిత్తి కుట్టి, అందులో ఉడకబెట్టిన ఈకలు కూరేవాళ్లు. ఎన్ని ఈకలు? ఒక పొడుగు టోపీ నిండా పట్టేటన్ని! ఆరేటప్పుడు తోలు బిగుస్తుంది, ఈకలు ఉబ్బుతాయి, బంతి రాయిలా తయారవుతుంది. రోజంతా కూర్చుని చేసినా మూడో నాలుగో అయ్యేవి. అందుకే ధర ఎక్కువ. వానలో తడిస్తే కుట్లు ఊడిపోయేవి.

ఆ ఊళ్లో అలన్ రాబర్ట్‌సన్ అని ఒకాయన. ఆటలో మేటి, బంతుల తయారీలోనూ పెద్ద పేరు. 1844లో ఆయన కొట్లో 2456 ఫెదరీలు తయారయ్యాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు టామ్ మోరిస్.

1848 ప్రాంతంలో గట్టాపర్చా బంతి వచ్చింది. ఇది మలయా అడవుల్లో ఒక చెట్టు పాలు. వేడినీళ్లలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. చేతులతో ఉండ చేస్తే చాలు, బంతి రెడీ. పాడైతే మళ్లీ వేడిచేసి ఉండ చుట్టుకోవచ్చు. (మన దేశం నుంచి స్కాట్లండ్‌కి పంపిన విష్ణుమూర్తి విగ్రహం పగలకుండా చుట్టూ ఈ గట్టాపర్చా ముక్కలు పెట్టారని, వాటితోనే ఒకాయన మొదటి బంతి చేశాడని ఒక కథ చెబుతారు. బాగుంటుంది గానీ, కథగానే వినండి.)

రాబర్ట్‌సన్‌కి గుండె ఆగినంత పనైంది. ఈకల బంతి పోతే కొట్టు పోయినట్టే. ఒకరోజు ఆటలో మోరిస్ ఈ కొత్త బంతి వాడాడని ఆయనకి తెలిసింది. ఇద్దరికీ గొడవైంది. మోరిస్ బయటికొచ్చి సొంత కొట్టు పెట్టుకున్నాడు. నాకైతే రాబర్ట్‌సన్ మీద కోపం రాదు. కడుపు మీద దెబ్బ పడితే ఎవరైనా అలాగే అంటారు. తర్వాత ఆయన కూడా గట్టాపర్చాకే మారాడనుకోండి.

ఇప్పుడు అసలు తమాషా. కొత్త బంతి చవక, గట్టి, నున్నగా నిగనిగలాడేది. కానీ కొడితే కాస్త ఎగిరి, టపీమని కిందికి దిగిపోయేది. అదే బంతి నాలుగు రోజులు దెబ్బలు తిని గాట్లు పడ్డాక చక్కగా ఎగిరేది! మైదానంలో ఉన్నవాళ్లకి సంగతి అర్థమైంది. ఇక కొత్త బంతిని కొనగానే సుత్తితో చుట్టూ గాట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఎందుకు పనిచేస్తుందో ఒక్కరికీ తెలీదు. పనిచేస్తోంది, అంతే. తర్వాత అచ్చుల్లోనే గీతలు వచ్చాయి, ఆపైన బుడిపెల బంతులొచ్చాయి. 1905లో విలియం టేలర్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు బుడిపెల్ని తిరగేసి సొట్టలు చేసి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన అసలు వ్యాపారం కెమెరా లెన్సులు!

ఈలోగా ఎడిన్‌బరోలో పీటర్ గత్రీ టేట్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ బంతి అంతసేపు గాలిలో ఎలా ఉంటోందని లెక్కలు వేశాడు. బంతి వెనక్కి తిరుగుతూ పోతే గాలి దాన్ని పైకి ఎత్తుతుందని 1890ల్లో చూపించాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ 1896లో, 1898లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. 1900లో బోయర్ యుద్ధంలో ఆ కొడుకు చనిపోయాడు. తర్వాతి ఏడాదే తండ్రీ పోయాడు.

సరే, స్పిన్ సంగతి తెలిసింది. మరి గరుకు సంగతి? 1912లో పారిస్‌లో ఐఫిల్, అవును, ఐఫిల్ టవర్ ఐఫిలే, గుండ్రటి బంతుల మీద గాలి ఊది కొలిచాడు. జర్మనీలో గొట్టింగెన్ వాళ్ల లెక్కలో సగం కూడా రాలేదు. ఎవరిది తప్పు? ఇద్దరిదీ కాదు. ఒక వేగం దాటాక గాలి అడ్డు ఒక్కసారిగా పడిపోతోంది. 1914లో గొట్టింగెన్‌లోని లుడ్విగ్ ప్రాండ్‌ట్ల్ నున్నటి బంతి చుట్టూ ఒక సన్నటి తీగ కట్టాడు. ఆ తీగ వల్ల తక్కువ వేగంలోనే అడ్డు తగ్గిపోయింది!

హైవే మీద లారీ వెనక దుమ్ము సుడులు తిరుగుతుంది కదా, బంతి వెనకా అలాంటి సుడుల తోక ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకే బంతిని వెనక్కి లాగుతుంది. నున్నటి బంతిని అంటుకున్న గాలి సగం దారిలోనే విడిపోతుంది, తోక లావుగా ఉంటుంది. సొట్టలు ఆ పలచటి గాలి పొరని కలవరపెడతాయి. కలవరపడ్డ పొరలోకి పైనున్న వేగం గాలి వచ్చి కలుస్తుంది, దాంతో అది బంతిని ఇంకాస్త వెనకదాకా పట్టుకుని ఉంటుంది. తోక సన్నబడుతుంది, లాగుడు సుమారు సగానికి తగ్గుతుంది. సొట్టలు లేకుండా ఇదే జరగాలంటే గోల్ఫ్ బంతి గంటకి 350 కిలోమీటర్ల పైనే పోవాలి. ప్రొఫెషనల్ కొట్టినా సాధారణంగా అంత వేగం రాదు.

అంటే 1850ల్లో సుత్తి పట్టుకున్నవాళ్లు కనిపెట్టినదానికి కారణం దొరకడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది. వాళ్లలో మొదట గాట్లు కొట్టిందెవరో గానీ, పేటెంట్ మాత్రం టేలర్ పేరు మీదే ఉంది.

అన్నట్టు, కొత్త క్రికెట్ బంతి స్వింగ్ అయ్యేదీ ఈ సూత్రంతోనే. అక్కడ ప్రాండ్‌ట్ల్ తీగ పని కుట్టు చేస్తుంది, అదీ ఒక పక్కనే. ఈసారి మ్యాచ్‌లో స్లో మోషన్ వేసినప్పుడు బౌలర్ కుట్టుని ఎటు వంచాడో చూడండి.