నీరు ఖర్చు కాని విద్యుత్తు: కృష్ణానది చెప్పే లెక్క



"కరెంటు తీసేసిన నీళ్ళలో సత్తువ ఏముంటుంది? పైరు ఎదగదు" అని మా తిరువూరు ప్రాంతపు పెద్దలు అనుకోవడం చిన్నతనంలో విన్నాను. తరువాత నేను బడిలో తెలుగు చెప్పే రోజుల్లో సైన్సు మాస్టార్లు ఆ మాటను నవ్వుతూ త్రోసిపుచ్చేవారు. వారు చెప్పినది నిజమే. ఎత్తున నిలిచిన నీరు క్రిందికి దూకేటప్పుడు దాని వేగం టర్బైను రెక్కలను త్రిప్పుతుంది. నీటిలో ఒక్క బొట్టు తగ్గదు, రుచి మారదు. కరెంటు అనే ఆంగ్లపదానికి మూలార్థం కూడా ప్రవాహమే గదా!

అయినా సాగరు ఎడమకాలువ చివరి భూముల మధ్య ఇన్నేళ్ళు బ్రతికిన మీదట నాకు తోచినది ఇది. ఆ పెద్దల శాస్త్రం తప్పు గాని, అనుమానం తప్పు కాదు. విద్యుత్తుకు నీటి పరిమాణం ఖర్చు కాకపోవచ్చు. నీటి కాలమూ, నీటి చోటూ ఖర్చవుతాయి. చరిత్రను కాస్త తిరగవేస్తే ఈ సంగతి తేటపడుతుంది.

తొలి వెలుగులు

మన దేశంలో జలవిద్యుత్తు 1897లో డార్జిలింగు దగ్గర సిద్రాపాంగులో చిన్నగా మొదలైంది. 1902లో మైసూరు సంస్థానం కావేరి మీద శివసముద్రం కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కరెంటు ముందుగా వెళ్ళినది పల్లెలకు కాదు, కోలారు బంగారు గనులకు. నీరు ఒకచోట, వెలుగు మరొకచోట అనే రీతి ఆనాడే స్థిరపడింది.

మన వైపు కథ కొండలలో మొదలవుతుంది. మా ఊరి మీదుగా పోయే జగదల్పూరు రహదారిలో భద్రాచలం దాటి చింతూరు చేరి, అక్కడినుండి కొండల్లోకి మళ్ళితే మోతుగూడెం వస్తుంది. అక్కడిది దిగువ సీలేరు కేంద్రం, 460 మెగావాట్లు. ఆ సీలేరుకే ఎగువన మాచ్‌ఖండ్ అని పేరు. డుడుమా జలపాతం దగ్గర ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వాలు ఉమ్మడిగా కట్టిన మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. కోస్తా పట్టణాలలో దీపాలు వెలిగాయి. జలాపుట్ జలాశయం క్రింద గిరిజన గ్రామాలు మునిగిపోయాయి. ఆ కొండలలో చాలా గూడేలకు కరెంటు తీగ చేరడానికి దశాబ్దాలు పట్టింది.

శ్రీశైలం: కరెంటు కోసమే కట్టిన ఆనకట్ట

కృష్ణానది సంగతికి వద్దాం. 1963 జూలై 24న నెహ్రూగారు శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అది మొదట కేవలం విద్యుత్తు కోసం తలపెట్టినది. బచావత్ ట్రిబ్యునల్ దానికి సాగునీటి వాటా ఇవ్వలేదు. జలాశయం మీద ఎండకు ఆవిరయ్యే నీటి క్రింద మాత్రం 33 టి.ఎం.సి.లు లెక్క వ్రాసింది. టి.ఎం.సి. అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు. "నీరు ఖర్చు కాదు" అనే సిద్ధాంతానికి ట్రిబ్యునల్ లెక్కలోనే సమాధానం ఉన్నది.

మునిగినవాటి లెక్క ఇంకా పెద్దది. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు నీటి పాలయ్యాయి. లక్షమందికి పైగా నిర్వాసితులయ్యారు. 1981 వేసవిలో బలవంతంగా ఇళ్ళు ఖాళీ చేయించారు. దేవుళ్ళకు కొంత మేలు జరిగింది: కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. మనుషుల ఊళ్ళను అట్లా విప్పి కట్టడం ఎవరికి సాధ్యం? ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని అమలు కోసం ఆ కుటుంబాలు దశాబ్దాలు తిరగవలసి వచ్చింది. తండ్రి పెట్టిన అర్జీని కొడుకు అందుకొన్న ఇళ్ళున్నాయి.

1982లో కుడిగట్టు కేంద్రంలో ఉత్పత్తి మొదలైంది. అది 770 మెగావాట్లది. ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల కేంద్రం 2001-2003 నడుమ వచ్చింది. 2020 ఆగస్టులో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిదిమంది మరణించారన్నది మరువరానిది. జలాశయం నిలువ శక్తి మొదట 308 టి.ఎం.సి.లు, పూడిక వలన సుమారు 215కు దిగింది. ఒకనాడు డెల్టాకు చేరిన ఒండ్రు ఇప్పుడు ఆనకట్ట అడుగున పేరుకొంటున్నది.

అడుగుల తగాదా

తరువాత శ్రీశైలం నీటిమీద రాయలసీమ సాగూ, మద్రాసు త్రాగునీరూ ఆధారపడ్డాయి. పోతిరెడ్డిపాడు తూములకు నీరు అందాలంటే మట్టం 841 అడుగులు దాటాలి. అంతకు దిగువ నీటితోనూ కరెంటు తీయవచ్చు. కనీస మట్టాన్ని 1996లో 69వ జీవో 834 అడుగులుగా, 2004లో 107వ జీవో 854 అడుగులుగా నిర్ణయించాయి. ఈ ఇరవై అడుగుల నీరే ఒకరికి దీపం, మరొకరికి పైరు.

2021 వేసవి చివర తెలంగాణ ప్రభుత్వం శ్రీశైలం, సాగరు, పులిచింతల కేంద్రాలలో ఉత్పత్తి చేపట్టగా, ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. ఆనకట్టల మీద పోలీసులు మోహరించారు. శ్రీశైలం పుట్టినదే విద్యుత్తు కోసమనీ, ఎత్తిపోతలకు కరెంటు కావాలనీ ఒకరి వాదం. నాట్లకు అక్కరలేని రోజుల్లో నీరు వదిలితే ఆ తరువాత ఎవరికీ దక్కదని రెండవవారి వాదం. రెండింటిలోనూ సత్యమున్నది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తి నీటిని సముద్రంలోకి వదలవలసి వచ్చింది. నీరు ఖర్చు కాలేదు, నిజమే. దాని కాలం ఖర్చయింది.

మా కాలువ సంగతి

ఇక చోటు సంగతి. నాగార్జునసాగరు కుడి, ఎడమ కాలువలకు చెరి 132 టి.ఎం.సి.లు కేటాయింపు. 1967 ఆగస్టు 4న వాటికి నీరు వదిలారు. మా తిరువూరు, నూజివీడు మెట్టభూములు ఎడమకాలువకు చివరివి. పాత నల్లగొండ, ఖమ్మం జిల్లాలను దాటి, పాలేరు జలాశయం గడచి, మిగిలినది మాకు రావాలి. అంతకు ముందు మాకు చెరువులూ, కట్టలేరూ, మామిడి తోటలూ తప్ప వేరే ఆధారం లేదు.

సాగరు ప్రధాన విద్యుత్కేంద్రం 815.6 మెగావాట్లది. దాని టర్బైన్ల నుండి వెలువడే నీరు నదిలోకి పోతుంది. అది డెల్టాకు ఉపయోగపడవచ్చు గాని, ఎడమకాలువలోకి ఎక్కదు. కాలువ మొదట 60 మెగావాట్ల చిన్న కేంద్రం వేరుగా ఉన్నది. దాని నీరే మా వైపు వస్తుంది. మొదటిదానిలో నీరు విద్యుత్తు వెంట పోతుంది. రెండవదానిలో విద్యుత్తు సాగునీటి వెంట వస్తుంది. తేడా ఇంతే, కాని చివరి మడిలో నిలబడితే అంతా ఇక్కడే తేలుతుంది. 2014 రాష్ట్రవిభజనతో కాలువ తల ఒక రాష్ట్రంలో, తోక మరొక రాష్ట్రంలో పడ్డాయి. తోక భూమి రైతు ఇప్పటికీ లస్కరు ముఖం చూస్తూనే ఉన్నాడు.

ఏది న్యాయం?

జలవిద్యుత్తును నిందించడం నా ఉద్దేశం కాదు. మాకు దగ్గరలోని ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు పొగా, బూడిదా ఎరుగనివారు లేరు. జలకేంద్రానికి బొగ్గు అక్కరలేదు. సాయంత్రం ఒక్కసారిగా దీపాలన్నీ వెలిగే వేళ నిమిషాలలో అందుకోగలదు. ఎండా గాలీ లేని గంటలలో ఆదుకొనేదీ అదే. ఎగువ దిగువ జలాశయాల నడుమ అదే నీటిని ఎత్తిపోసుకొంటూ వాడుకొనే రివర్సిబుల్ టర్బైన్లు సాగరులోనూ, శ్రీశైలం ఎడమగట్టునా ఉన్నాయి. నదికి లోటు రాకుండా వెలుగు తీసే మార్గం అది. దానిని పూర్తిగా వాడుకోవాలి.

నేను కోరేది లెక్క సరిగా వ్రాయమనే. యూనిటు ధర వేసేటప్పుడు బొగ్గు లేదు గనుక చవక అంటారు. మునిగిన ఊరు, పేరుకొన్న పూడిక, అదను తప్పిన నాట్లు ఆ ధరలో చేరవు. ఆ బాకీ శ్రీశైలం నిర్వాసితుడూ, కాలువ చివరి రైతూ తీరుస్తున్నారు. వరద వచ్చినప్పుడు ఎంత కరెంటు తీసినా ఎవరికీ నొప్పి లేదు. వరద లేని ఏట మాత్రం ముందు త్రాగునీరు, పిదప పైరు, ఆ రెంటికోసం వదిలిన నీటి దారిలోనే విద్యుత్తు అనే క్రమం రెండు రాష్ట్రాలూ ఒప్పుకొని తీరాలి. ముంపు బాధితులకు ఇచ్చిన మాట మిగిలి ఉన్నంతకాలం, మన ఇళ్ళలో వెలిగే దీపంలో వారి వంతు కూడా ఉన్నదని గుర్తుంచుకోవడం కనీస ధర్మం.

స్వస్తి.