కోచ్ ఎందుకన్న కోచ్

ములకలపల్లి చుట్టుపక్కల గూడేల్లో వాలీబాల్ నెట్టు కనబడితే ఎవరూ వింతగా చూడరు. బాస్కెట్‌బాల్ రింగు మాత్రం ఏ హాస్టల్ ఆవరణలోనో ఉంటే ఉన్నట్టు. నిజానికి ఈ రెండు ఆటలదీ ఇరుగుపొరుగు పుట్టుక. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1891లో బాస్కెట్‌బాల్ పుట్టింది. అక్కడికి దగ్గర్లోని హోలియోక్‌లో 1895లో వాలీబాల్ పుట్టింది. రెంటినీ కనిపెట్టింది వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం వ్యాయామ మాస్టార్లే.

బాస్కెట్‌బాల్ మాస్టారు జేమ్స్ నైస్మిత్ కెనడావాడు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడే తల్లినీ తండ్రినీ టైఫాయిడ్ పొట్టన పెట్టుకుంది. ముప్ఫై ఏళ్లకి స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణ పాఠశాలలో ఉద్యోగం. చలికాలం బయట ఆట సాగదు, లోపల చేయించే కసరత్తులంటే విద్యార్థులకు ఒళ్లుమంట. ఆ తరగతిని అదుపు చేయలేక అప్పటికే ఇద్దరు మాస్టార్లు చేతులెత్తేశారు. పైఅధికారి లూథర్ గులిక్ నైస్మిత్‌కి 14 రోజులు గడువిచ్చి, నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట ఒకటి పట్టుకురమ్మన్నాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ లోపల ఆడించి చూస్తే దెబ్బలే మిగిలాయి. దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని పడగొట్టాలి గనక. అయితే బంతి పట్టుకుని పరిగెత్తనే కూడదు. నన్నడిగితే అసలు ఆవిష్కరణ ఈ ఒక్క నిషేధమే, బుట్ట తర్వాతి సంగతి. ఇక గోల్ ఎక్కడ పెట్టాలి? చిన్నప్పుడు ఊళ్లో ఆడిన ఆట ఒకటి గుర్తొచ్చింది. మన ఏడు పెంకులాటకు దూరపు చుట్టం లాంటిది. బండ మీద పెట్టిన రాయిని రాళ్లు విసిరి పడగొట్టాలి. బలమంతా పెట్టి కొడితే తప్పిన రాయి ఎక్కడో పడుతుంది, దాన్ని తెచ్చుకునేలోపు దొరికిపోతారు. మెల్లగా పైకెత్తి వేసినవాడిదే గెలుపు. గోల్‌ని తలల మీదికి ఎత్తేస్తే బలం పనికిరాదు, గురి కావాలి.

రెండు పెట్టెలు దొరుకుతాయా అని పనివాణ్ని అడిగితే, పెట్టెలు లేవని పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చాడు. వాటిని వ్యాయామశాల బాల్కనీ కమ్మీకి మేకులతో కొట్టారు. ఆ కమ్మీ ఎత్తు పది అడుగులు. ఎవరూ లెక్కలు కట్టి తేల్చింది కాదు, బాల్కనీ అంతే ఉంది. ప్రపంచమంతా నేటికీ రింగు ఆ ఎత్తులోనే ఉంది. 13 నిబంధనలు రాసి గోడకి అంటించాడు. 1891 డిసెంబర్ 21న తొమ్మిదేసి మంది చొప్పున ఆడారు, స్కోరు 1-0. మన వైపుకొస్తే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మన పీఈటీ సార్ల చదువుకు అదే మొదటి మెట్టు.

ఆ 13 నిబంధనల్లో కోచ్ ఊసే లేదు. అది కూడా కనిపెట్టాల్సిన ఉద్యోగమేనన్నమాట. 1898లో నైస్మిత్ కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి జట్టుకి తొలి కోచ్ అయ్యాడు. ఆట పుట్టించినవాడు కదా, అందర్నీ చిత్తు చేశాడనుకుంటాం. 55 గెలుపులు, 60 ఓటములు! ఆ విశ్వవిద్యాలయం కోచ్‌లలో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువున్నది ఆయనొక్కడికే. చాలా మ్యాచ్‌ల్లో రిఫరీగా ఈలా ఆయనే ఊదేవాడు. గెలవాలన్న యావ లేని మనిషి. కుర్రాళ్లకి వ్యాయామం, క్రమశిక్షణ అబ్బితే ఆయనకు చాలు.

ఆయన దగ్గర ఆడిన ఫాగ్ ఆలెన్‌ని వేరే కాలేజీ కోచ్‌గా పిలిస్తే నైస్మిత్ నవ్వాడు. ఈ ఆట ఆడేదే గానీ నేర్పేదేముందన్నది ఆయన ధోరణి. ఆలెన్ వినలేదు. ఎత్తులూ పైఎత్తులూ కట్టి, కాన్సస్‌కే తిరిగొచ్చి 590 మ్యాచ్‌లు గెలిపించి, కోచింగ్‌ని ఒక వృత్తిగా నిలబెట్టాడు. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో స్టేడియానికి ఆలెన్ పేరు, లోపలి కోర్టుకి నైస్మిత్ పేరు.

అయితే నైస్మిత్ శిష్యుల్లో నాకు పెద్దవాడిగా కనిపించేది జాన్ మెక్లెండన్. 1930లలో కాన్సస్‌లో చదివాడు. నల్లజాతివాడని విశ్వవిద్యాలయ జట్టులో ఆడనివ్వలేదు. ఆట నేర్పడమెలాగో నైస్మిత్ దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత ఉత్తర కరోలినాలో నల్లవాళ్ల కాలేజీ కోచ్‌గా, బంతి దొరకగానే ఉరుకులు పెట్టే వేగాన్ని ఆటలోకి తెచ్చాడు. 1944 మార్చిలో ఓ ఆదివారం ఉదయం, ఊరు చర్చిలో ఉన్న వేళ, తలుపులు మూసి, తన కుర్రాళ్లని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల తెల్ల విద్యార్థుల జట్టుతో ఆడించాడు. అలా కలిసి ఆడటం అక్కడ చట్టవిరుద్ధం. మెక్లెండన్ జట్టు 88-44తో గెలిచింది. 1957, 58, 59లో వరసగా మూడేళ్లు టెన్నెసీలో తాను అప్పుడు పనిచేస్తున్న కాలేజీ జట్టుని చిన్న కళాశాలల జాతీయ విజేతగా నిలిపాడు.

నైస్మిత్ పేరిట స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న బాస్కెట్‌బాల్ ప్రముఖుల మందిరంలోకి 1979లో మెక్లెండన్‌ని తీసుకున్నారు, ఆటకు సేవ చేసినవాడిగా. కోచ్‌గా తీసుకున్నది 2016లో, ఆయన పోయిన 17 ఏళ్లకి.