కుళాయి దగ్గర కొట్లాట

ఊరికే వస్తుందంటే నాకొకటి, మా తాతకొకటి అంటారు కదా. టెస్ట్ నాణేల చరిత్రంతా ఇదే.

2010లో గావిన్ ఆండ్రెసన్ అనే ప్రోగ్రామర్ 50 డాలర్లు పెట్టి 10,000 బిట్‌కాయిన్లు కొని, అడిగినవాళ్ళకి తలా 5 చొప్పున పంచాడు. ఆ సైటు పేరే ఫాసెట్, అంటే కుళాయి. అవి నిజం నాణేలే! ఇవాళ్టి ధరతో లెక్కేసుకుని నిట్టూర్చకండి, అసలు కథ అది కాదు.

అదే ఏడాది ప్రోగ్రాములు సరిచూసుకోడానికి టెస్ట్‌నెట్ పుట్టింది. తప్పు చేసినా డబ్బు పోకూడదు కాబట్టి అందులో నాణేలకి విలువ ఉండకూడదు. తీరా చూస్తే జనం వాటినీ అమ్మడం మొదలెట్టారు. దాంతో 2011లో అంతా చెరిపేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టారు.

ఇథీరియంలోనూ ఇదే తంతు. 2019లో వచ్చిన గోర్లీలో నాణేల మొత్తానికి పరిమితి ఉండేది. నేర్చుకునేవాళ్ళకి చుక్క దొరక్కుండా కొందరు బిందెలకి బిందెలు పట్టేసుకున్నారు. 2023 ఫిబ్రవరిలో వాటిని కొనడానికీ అమ్మడానికీ దారి తెరుచుకుంది, ధర డాలరు దాటింది. ఆ సెప్టెంబరులో 160 కోట్ల నాణేలతో హోలెస్కీ మొదలైంది. దండిగా ఉంటే ఎవడు కొంటాడని!

కుళాయి నడిపేవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? రోజుకింతే అన్నారు, కాప్చా పెట్టారు, కొన్నిచోట్ల ఖాతాలో కాస్త అసలు ఈథర్ చూపించమన్నారు. మారుపేర్లవాళ్ళకి అదో లెక్క కాదు. ఆగిపోయింది జేబులో పైసా లేని విద్యార్థి. చలివేంద్రం దగ్గర దాహం రుజువు చెయ్యమన్నట్టు లేదూ?

నన్నడిగితే తాళాలు పెంచేకంటే నీళ్ళు పెంచడమే మేలు. మీరేమంటారు?