వజ్రముష్టియు ముష్టితొడుగును

జెట్టి యనిన పాలకాయతిప్ప మొదలగు తీరగ్రామములవారికి ముందుగా స్ఫురించునది పడవలు నిలుచు కట్టడము. అది యాంగ్లపదము, మల్లవాచియగు జెట్టి వేఱు. 1909లో ప్రకటితమైన గ్రంథమున థర్‌స్టన్, జెట్టీలు తెలుగు మల్లులనియు, తెలుగు జిల్లాలలో నరముల నొప్పులకు లేపనములు మర్దించువారనియు వ్రాసెను.

విజయనగర మల్లులు మొనలుగల వలయములను చేతబూని రాజు నెదుట పరస్పరము గాయపఱచుకొనెడివారని పోర్చుగీసువాడగు నూనిజ్ 1535 ప్రాంతమున వర్ణించెను. మైసూరు దసరాలో జెట్టీలు వజ్రముష్టిని కుడిచేత దాల్చి పోరుదురు. గొరిగిన తలపై నెత్తురు కానరాగానే పోరు ముగియును. దీనిని కేవల క్రౌర్యమని త్రోసివేయువారు ఆ ముగింపును గమనింపరు.

వట్టి పిడికిలి యెముకలు సన్ననివి, పుఱ్ఱె గట్టిది. తలపై బలముగా మోదినచో మోదినవాని చేయియే విఱుగవచ్చును. కావున వట్టిచేతి యోధుడు తలను ఆచితూచి కొట్టి, దేహమందలి మెత్తని చోట్లను వెదకును. గుడ్డపట్టీ మణికట్టును, అరచేతి యెముకలను బిగించి యొక్కటిగా నిలుపును. 1867 నాటి క్వీన్స్‌బరీ నియమములు దానిపై తొడుగును విధించినవి. తొడుగు దెబ్బను విశాలముగా పఱచుటచే చర్మము చీలుట తగ్గును. కాని చేతికి భయము తొలగి తలపై దెబ్బలు పెరుగును. లోపలి మెదడు అదరుట మానదు. నెత్తురు కనబడదు గనుక పోరును ఆగదు! తొడుగు కాచునది ముఖ్యముగా కొట్టువాని చేతినే యని నా యభిప్రాయము.

నిజామాబాదు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచవిజేతయైనది ఇట్టి తొడుగులతోనే. 2016 నాటి ఒలింపిక్ క్రీడలలో పురుషులకు శిరస్త్రాణమును తీసివేసిరి; తొడుగును మాత్రము విడువలేదు.