మన్యం రోడ్లూ, సర్వీసు జీపులూ: పాత బండిని ఎలా నిలబెట్టుకోవాలి

చరిత్ర అంటే మనం ఎప్పుడూ తిరుగుబాట్లు, చట్టాలు, జీవోలే మాట్లాడుకుంటాం. ఈసారి ఒక బండి గురించి మాట్లాడుకుందాం. పాడేరు, చింతపల్లి, అరకు వైపు మన తల్లిదండ్రుల తరాన్ని సంతకీ ఆసుపత్రికీ మోసిన జీపు గురించి. ఇప్పుడవి ఒక్కొక్కటే పశువులపాకల వెనక తుప్పుపట్టి పోతున్నాయి. కొన్ని తూకానికి వెళ్లిపోయాయి. మిగిలినవాటిని ఎలా కాపాడుకోవాలో కూడా చివర్లో రాస్తున్నాం, ఓపికగా చదవండి.

బండి కంటే ముందు రోడ్డు. మన్యంలో రోడ్లు మన కోసం పడలేదు. కలప దిగడానికి, పోలీసులు ఎక్కడానికి పడ్డాయి. లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన పెద్దల చేత సరైన కూలి ఇవ్వకుండా రాళ్లు కొట్టించాడు. గాం సోదరులు అల్లూరి సీతారామరాజుతో కలవడానికి ఈ బాస్టియన్ పెట్టిన బాధలు ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు లేచిపోయాయి. ఈ సంగతి మనందరికీ తెలుసు. ఆ మంటకి ఒక నిప్పురవ్వ రోడ్డుపనిలోంచి వచ్చిందని మాత్రం మనలో చాలామంది మర్చిపోతాం.

ఆ రోడ్ల మీద మనకి చాలాకాలం బండి లేదు. మైదానంలోలాగా కొండమీద ఎడ్లబండి అన్నిచోట్లా నడవదు. కావిడి, తలమూట, అంతే. చింతపండు, పిప్పళ్లు, అడ్డాకులు అన్నీ భుజం మీదే సంతకి దిగేవి. రోగిని డోలీలో మోసేవారు. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ అదే డోలీ.

జీపు పుట్టింది మాత్రం యుద్ధం కోసం. 1941లో అమెరికాలో విల్లీస్ కంపెనీ సైన్యానికి తయారుచేసింది. అదే నమూనాని ఫోర్డ్ కూడా కట్టింది. రెండు కంపెనీలూ కలిపి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు దింపాయి. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను, 60 గుర్రాల బలం. నాలుగు చక్రాలకీ లాగుడు ఉంటుంది. ఎక్కడ ఆగిపోయినా మామూలు సిపాయి చేతిలో ఉన్న పనిముట్లతో మళ్లీ కదిలించగలిగేంత తేలికైన బండి. మనకి ఇది గుర్తుంచుకోవాల్సిన ముక్క. జీపు గట్టిగా ఉండటం వల్ల బతకలేదు. విప్పడానికి, బిగించడానికి తేలిగ్గా ఉండటం వల్ల బతికింది.

మన దేశానికి ఎలా వచ్చిందంటే, 1945లో మహీంద్రా అన్నదమ్ములు, గులాం మహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారం పెట్టారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారుచేశారు. బానెట్టు ఎత్తుగా ఉండే సీజే 3బీ అనే రకాన్ని విల్లీస్ వాళ్లు 1968లో ఆపేశారు గానీ, మనవాళ్లు దాని పిల్లల్ని, మనవల్ని ఇంకా దశాబ్దాలు కన్నారు. 1980ల్లో ప్యూజో డీజిల్ ఇంజను వచ్చాక జీపు చవగ్గా తిరగడం మొదలైంది. పొడుగు బాడీ కమాండర్ వచ్చాక ఏజెన్సీలో సర్వీసు జీపుల కాలం నడిచింది.

కానీ కొండమీద మొదట కనబడ్డ జీపు సర్వీసు జీపు కాదు, సర్కారు జీపు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. 1956 తర్వాత దేశంలో 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు పెట్టారు, అందులో అరకు ఒకటి. బ్లాకంటే ఆఫీసు, ఆఫీసంటే జీపు. మన ముసలివాళ్లని అడగండి, జీపు చప్పుడు వింటే ఫారెస్టోళ్లో, అప్పు వసూలుకొచ్చిన షావుకారో అని పిల్లల్ని లోపలికి లాగేసిన రోజులు చెబుతారు. అదే బండిలో టీకాల డాక్టరూ వచ్చాడు. కాబట్టి జీపుని దేవుణ్ణి చేయక్కర్లేదు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేసింది. మన చేతికి వచ్చాక మన పని చేసింది. లోపల పది, వెనక వేలాడుతూ ఆరు, టాపు మీద మూటలు, కోళ్లు, హాస్టలు ట్రంకుపెట్టెలు. మాలో చాలామంది పదో తరగతి పరీక్షకి అలాగే వెళ్లాం. ప్రమాదాలూ జరిగాయి, అది దాచక్కర్లేదు. అంత బరువు ఎక్కించడం తప్పే.

ఇప్పుడు అసలు విషయం. ఆ బండ్లు నలభయ్యేళ్లు ఎలా తిరిగాయి? ఇనుము మంచిదని ఊరికే అంటారు గానీ అది సగమే నిజం. గ్రీజు పెట్టారు కాబట్టి తిరిగాయి. ఎడ్లబండి ఇరుసుకి కందెన రాసిన చేతులే జీపు కింద దూరి గ్రీజు గన్ కొట్టాయి. పాత విల్లీస్ పుస్తకం ప్రకారం చాసిస్ కింద గ్రీజు పాయింట్లకి వెయ్యి మైళ్లకోసారి, అంటే దాదాపు 1600 కిలోమీటర్లకి, గ్రీజు పెట్టాలి. గెడ్డ దాటే బండికి అంతకంటే ముందే పెట్టాలి. పాత గ్రీజు, దాంతోపాటు బురద నీరు బయటికి వచ్చేదాకా కొట్టాలి. కమాన్ కట్టల షాకిళ్లు, స్టీరింగు కీళ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కప్పులు, ఒక్కటి వదిలేసినా అక్కడినుంచే చావు మొదలవుతుంది. గెడ్డ దాటాక రెండు పనులు మర్చిపోకూడదు. కొంచెం దూరం బ్రేకు మెల్లగా తొక్కుతూ వెళ్లి డ్రమ్ములు ఆరబెట్టుకోవాలి. గేరు ఆయిలూ క్రౌన్ ఆయిలూ చూడాలి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే లోపల నీళ్లు చేరినట్టే. అలాగే తిప్పితే బేరింగులు పోతాయి, అప్పుడు దొరకవు.

పాత డ్రైవర్ల ఇంకో అలవాటు: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్లో దింపేవాడికి వాళ్లు బండి ఇచ్చేవారు కాదు. బ్రేకు డ్రమ్ములు వేడెక్కితే ఆ మలుపుల్లో పట్టుకునేది ఇంజనొక్కటే.

తిరిగే బండి కంటే నిలబెట్టిన బండే తొందరగా పాడవుతుంది. మన దగ్గర వాన ఎక్కువ, చలికాలం మంచు ఎక్కువ. నెలల తరబడి ఆపేసేటట్టయితే ముందు బండిని కింద నుంచి కడగాలి. చాసిస్ సందుల్లో పట్టుకున్న ఎర్రమట్టి తడిని వదలదు, ఇనుముని అదే తినేస్తుంది. కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక లోపల పెట్టండి. రేకుల షెడ్డయినా పాకయినా ఫర్వాలేదు, గాలి ఆడాలి. బండిని పాలిథిన్ కవరుతో బిగించి కట్టేస్తే లోపల చెమట పడుతుంది, బయట వానలో ఉన్నదానికంటే అన్యాయం. వట్టి మట్టినేల మీద కాకుండా కంకర మీదో పలకల మీదో పెట్టాలి. ఆక్సిల్ కింద దుంగలు వేసి చక్రాలు నేలకి తగలకుండా లేపితే టైర్లు ఒకేచోట అణగవు.

హ్యాండుబ్రేకు వేసి వదలకండి. బ్రేకు షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి. చక్రాలు నేలమీదే ఉంటే గేరులో పెట్టి రాయి అడ్డం వేస్తే చాలు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకుని నెలకోసారి చార్జింగు పెట్టించాలి. డీజిల్ బండయితే ట్యాంకు నిండుగా ఉంచాలి, ఖాళీ ఉన్నచోట తడి చేరుతుంది. పెట్రోలు బండికి ఇప్పుడు కొత్త తలనొప్పి వచ్చింది. బంకుల్లో పోసే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీలుస్తుంది, పాత కార్బొరేటరు రబ్బర్లనీ పైపుల్నీ తినేస్తుంది. నిలబెట్టేముందు ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చేయడం మేలు. సైలెన్సరు మూతికి, గాలి గొట్టానికి గుడ్డ కుక్కాలి, లేకపోతే ఎలుక కాపురం పెడుతుంది. తీసే రోజు ఆ గుడ్డ తీయడం మర్చిపోకుండా స్టీరింగుకి ఒక చీటీ కట్టండి.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే బండికి మంచిదని చాలామంది అనుకుంటారు. మేం ఒప్పుకోం. ఇంజను వేడెక్కకుండా ఆపితే సైలెన్సర్లో, ఆయిల్లో నీటితడి మిగిలిపోతుంది. తీస్తే పది కిలోమీటర్లు తిప్పండి, లేదా కదపకండి.

ఇక కాగితాలు. మన ఊళ్లలో చాలా జీపులు ఇంకా చనిపోయిన తాతల పేరుమీదే ఉన్నాయి. సొంతబండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ అవకాశం తీసేశారు, వాటికి తుక్కే గతి. ప్రైవేటు బండికి అలా లేదు. కానీ పేరు మారకపోతే పొడిగింపు రాదు. అది లేకుండా రోడ్డెక్కితే కేసు, ప్రమాదం జరిగితే బీమా రాదు. 2018లో బైక్ అంబులెన్సులు వచ్చిన మాట నిజమే గానీ, వానాకాలం రాత్రి కాన్పు నొప్పులొస్తే ఇప్పటికీ చాలా గూడేల్లో తలుపు కొట్టేది జీపున్న ఇంటికే. ఆ జీపు కాగితాలు సరిగా లేకపోతే డ్రైవరు భయపడతాడు, ఆలస్యమవుతుంది.

అందుకే సెలవులకి ఊరెళ్లినవాళ్లు ఒక పని చేయండి. మీ ఊళ్లో ఉన్న పాత జీపు ఏ సంవత్సరందో, ఇంజను పెట్రోలో డీజిలో, ఆర్సీ ఎవరి పేరున ఉందో రాసి ఇక్కడ పెట్టండి. మొదట నడిపిన డ్రైవరు బతికుంటే ఆయన చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి. విడిభాగాల అవసరం ఉంటే అదీ రాయండి. ఒక ఊళ్లో తుక్కుగా పడున్న గేరుబాక్సు ఇంకో ఊళ్లో బండిని లేపొచ్చు.